పదహారు అంకెల చక్రం

1-7-25, మంగళవారం

ఈ డైరీ మాకు పని ఇచ్చే మగ్గాల యజమాని గంగాధర ఇచ్చాడు. 2019 నాటిది. పైన ఉన్న తేదీలు కొట్టేసి నా తేదీలు వేసుకుంటున్నాను.

ఈరోజు పోగు మిగిలింది.

నా పేరు బాబావలి. వయసు డెబ్బై మూడు. ఊరు తనకల్లు, ఉండేది ధర్మవరం. భార్య జైతున్‌బీ. కూతురు ఆస్మా పెనుకొండలో ఉంటుంది. అల్లుడికి ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని. ఇవన్నీ నాకు తెలిసినవే. అయినా రాస్తున్నాను. ఒక రోజు తెలియకపోతే చదువుకోవడానికి.

పని కూడా రాస్తాను. మగ్గం మీద నిలువు పోగుల వరసను అచ్చు అంటారు. పాత అచ్చు అయిపోతే కొత్త అచ్చు ఎక్కిస్తారు. కొత్త పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకడం మా పని. అయిదు వేలకు పైనే పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని నేను కుడి అంచు నుంచి, జైతున్ ఎడమ అంచు నుంచి మొదలుపెడతాం. అటొకరు ఇటొకరు కూర్చుని మధ్యకు వస్తాం. మధ్యలో ఆమె చివరి పోగు, నా చివరి పోగు పక్కపక్కన పడాలి. ఏదీ మిగలకూడదు. నలభై ఒక్క ఏళ్లలో మిగల్లేదు.

ఈరోజు మిగిలింది. పాతది ఒకటి, జత లేకుండా. వెనక్కి వెతుక్కుంటూ పోతే తప్పు ఎడమ అంచు దగ్గర ముప్పయ్యో నలభయ్యో పోగు దగ్గర దొరికింది. అది జైతున్ వైపు. కానీ పొద్దున అచ్చు విప్పి సర్దింది నేనే. నేను సర్దడంలోనే తప్పు జరిగి ఉంటుంది.

"తప్పు నాదే గంగాధరా" అన్నాను.

"పోనీలే మామా, కండ్లద్దాలు మార్చు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

2-7-25

సాల్మన్ సారు అంకె గుర్తుందా అని చూసుకున్నాను. ఉంది.

0588235294117647

పదహారు అంకెలు. తనకల్లు బడిలో అయిదో తరగతిలో సారు దీన్ని బోర్డు మీద వరసగా రాయలేదు. గుండ్రంగా రాశాడు, బండిచక్రం మాదిరి. "సున్నాను వదలొద్దు రా. దానికి విలువ లేకున్నా చోటు ఉండాది" అన్నాడు. దీన్ని ఒకటి మొదలు పదహారు దాకా దేనితో హెచ్చించినా ఇవే అంకెలు వస్తాయి, ఇదే వరసలో వస్తాయి. చక్రంలో ఎక్కడి నుంచి మొదలవుతుందో అదొక్కటే మారుతుంది.

ఈరోజు రెండో తేదీ. రెండుతో హెచ్చించాను. 1176470588235294. చక్రంలో వేలు పెట్టి చూశాను. సరిపోయింది.

ఇంక రోజూ తేదీ ఎంతో అంతతో హెచ్చిస్తాను. చక్రం చూసి తిప్పి రాయకూడదు. కుడి చివర నుంచి ఒక్కొక్క అంకె హెచ్చించుకుంటూ రావాలి. తప్పితే చక్రమే చెబుతుంది. ఎవరి దగ్గరా నోరు తెరిచి అడగక్కర్లేదు.

"ఏం రాస్తాండావయ్యా పొద్దన్నే?" అంది జైతున్.

"లెక్కలు."

"ఎవురికి?"

"నాకే."

"నీకు నువ్వే లెక్క చెప్పుకునేంత పెద్దమనిషివి ఎప్పుడయినావు" అని నవ్వి లోపలికి పోయింది. ఆమెకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అందుకే ఇది ఇంట్లోనే పెట్టుకోగలుగుతున్నాను.

3-7-25

1764705882352941. సరి.

కూరలో ఉప్పు రెండింతలుంది. నేను మాటల్లో పెట్టి ఉంటాను. నేను మాట్లాడేదే తక్కువ. అయినా.

4-7-25

2352941176470588. సరి.

మా అన్న ఇమాం సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తాను.

అన్నకు మొదట పోగులే తప్పాయి. తర్వాత సందులు తప్పాయి. ఒకసారి రెండు రోజులు కనబడలేదు. పెనుకొండ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడని ఎవరో చెబితే పోయాను. "బడికి పోతాండా. రైలు ఇంగా రాలేదు" అన్నాడు. అప్పటికి డెబ్బై ఏళ్లు. చేయి పట్టుకుంటే, "ఎవరప్పా నువ్వు, ఇడువు" అన్నాడు. ఆ బెంచీ, ఆ ఎండ, ఆయన చెయ్యి వెనక్కి లాక్కోవడం, ఇవేవీ నేను మరిచిపోలేదు.

నేను కూడా జైతున్ చెయ్యి అట్లా వెనక్కి నెడతానేమో. నా భయం అదొక్కటే. చావు కాదు.

6-7-25, ఆదివారం

పీర్ల పండుగ. 3529411764705882. సరి.

జైతున్ మలీదా చేసింది. ఒక గిన్నెలో పెట్టి మూత వేసి, "జయలక్ష్మమ్మకు ఇచ్చి రాపో. చల్లారితే ఆయమ్మ తినదు" అంది.

గిన్నె పట్టుకుని గడప దగ్గర నిలబడిపోయాను. జయలక్ష్మమ్మ మా వెనక సందులో మగ్గం నేసేది. పోయిన ఏడు మాఘంలో చనిపోయిందని నాకు గుర్తు. మట్టి ఇచ్చిరావడానికి నేను పోయినట్టు గుర్తు. చెప్పులు తారుమారై ఎవరివో వేసుకొచ్చినట్టు కూడా గుర్తు. కానీ జైతున్ చెబుతోంది కదా. ఆమె రోజూ ఆడవాళ్లతో మాట్లాడే మనిషి. నాకే కల వచ్చిందేమో. బతికున్న మనిషిని నా తలలో నేను పూడ్చిపెట్టుకున్నానేమో.

అడగడానికి నోరు రాలేదు. పోయాను. తలుపు తీసే ఉంది. గోడకు ఫోటో, ఫోటోకు దండ. కోడలు గిన్నె తీసుకుని, "జైతున్ అవ్వ బాగుందా తాతా?" అంది. తలూపాను.

ఇంటికొచ్చాక జైతున్ అడిగింది, "ఏమనింది?"

"బాగుందని చెప్పింది."

పెద్దవాళ్లు పోయినా ఇంటిని వాళ్ల పేరుతోనే పిలుస్తాం. జైతున్ అన్నది ఇంటి సంగతి. నేనే మనిషి అనుకున్నాను. అంతే.

7-7-25

సరి.

8-7-25

ఒక అంకె పోయింది.

ఎనిమిదితో హెచ్చించే ముందు చక్రం రాసుకుంటున్నాను. 7 దగ్గరికి వచ్చాక ముందుకు పోలేదు. తర్వాత ఏదో ఉంది. దాని తర్వాత 4 ఉంది, అది తెలుసు. నడుమది లేదు. అంగీ విప్పి కూర్చున్నాను.

అప్పుడు సారు చేసిన పని గుర్తుకొచ్చింది. ఆయన ఒక అంకెను చేత్తో తుడిచేసి, "చెప్పండ్రా ఇప్పుడు, ఏం పోయింది" అన్నాడు. ఎవరికీ తెలియలేదు. "దానికి ఎదురుగా ఏముండాదో చూడండి. ఎదురెదురువి కలిపితే తొమ్మిది. ఎనిమిది జతలు, ఎనిమిదీ తొమ్మిదే. ఒకటి పోయినా ఎదురుది ఉంటే చాలు, దొరుకుతాది."

ఖాళీకి ఎదురుగా 3 ఉంది. అయితే 6.

4705882352941176. సరి.

కానీ మరిచిపోయింది నిజమే కదా.

10-7-25

5882352941176470. సరి.

ఇంకో మగ్గం. మళ్లీ పోగు మిగిలింది. ఈసారి రెండు. మళ్లీ ఎడమ వైపే. ఈసారి అచ్చు సర్దింది గంగాధర మనిషి, నేను కాదు. అయితే దీపం నా వైపు జరుపుకున్నాను. ఆమెకు వెలుతురు చాలి ఉండదు.

జైతున్ మిగిలిన పోగులు రెండూ పట్టుకుని చూస్తూ కూర్చుంది. "ఇవి యాడివి?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలియనట్టు.

"నా తప్పే" అన్నాను.

"నీదే అయుంటాది. నేను ఎప్పుడు తప్పినా?" అంది.

అది నిజం. ఆమె ఎప్పుడూ తప్పలేదు.

11-7-25

ఆస్మాకు ఫోన్ చేశాను. పక్కింటి అరుగు మీద కూర్చుని, జైతున్‌కు వినపడకుండా.

"అమ్మా, నాకు మతి పోతాండాది. పెదనాయన మాదిరి. యాడన్నా చూపించు" అన్నాను. ఇంత పొడుగు మాట నేను దానితో ఎప్పుడూ ఆడలేదు.

అవతల స్టవ్వు కట్టేసిన చప్పుడు వినబడింది.

"నాయనా, పదిహేడున హిందూపురం పోదాం. ఆడ మంచి డాక్టరమ్మ ఉండాది. అమ్మను గూడా తోడుకురా."

"ఆమెకు చెప్పొద్దు. బెదురుకుంటాది."

"నీకు తోడుకని చెప్పు. అమ్మ లేకుండా రావద్దు నాయనా."

ఆస్మా గొంతు బాగాలేదు. నా మీద జాలి పడినట్టుంది.

6470588235294117. సరి. సరిపోతోందని మురిసిపోవడం మానాలి. అన్న కూడా చివరిదాకా ఎక్కాలు తప్పకుండా చెప్పేవాడు.

అట్లా చెప్పేవాడా? గుర్తులేదు. చెప్పేవాడనే అనుకుంటున్నాను.

13-7-25

టీ తాగావా అని జైతున్ రెండుసార్లు అడిగి రెండుసార్లు పెట్టింది. మొదటిది తాగానో లేదో తేల్చుకోలేక రెండూ తాగాను. తర్వాత గిన్నెలు కడిగే జాలాడి దగ్గర గ్లాసులు లెక్కపెట్టాను. రెండున్నాయి.

14-7-25

8235294117647058. సరి.

పాలకు పోయిన జైతున్ ఎంతసేపటికీ రాలేదు. ఎదురుపోదామని చెప్పులు వేసుకుంటుంటే పూల కుళ్ళాయప్ప ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు.

"స్టేషన్ రోడ్డులో నిలబడిండె వలీ మామా. యాడికవ్వా అంటే పలకలా. ఎండ గదా, తోడుకొచ్చినా."

"నేను తోడు అడిగితినా నిన్ను?" అంది జైతున్. "పూలమ్ముకోక మనుషుల్ని తోలుకుంటాండాడు."

కుళ్ళాయప్ప నవ్వాడు. నా వైపు చూసి నవ్వు ఆపాడు.

కొత్త సిమెంటు రోడ్లు వేశాక సందులన్నీ ఒకే మాదిరి ఉన్నాయి. నాకే తెలియడం లేదు. మధ్యాహ్నం నేను కూడా పాల కేంద్రం దాకా పోయి వచ్చాను, తప్పుతానేమో చూద్దామని. తప్పలేదు. కానీ దారి పొడుగునా మలుపులు లెక్కపెట్టుకుంటూనే పోయాను.

16-7-25

9411764705882352. సరి.

పదహారు అయిపోయింది. ఇంక రేపు.

పదిహేడు సంగతి రాయాలి. బడిలో సారు రోజుకొకటి చేయించేవాడు. పదహారో రోజు అడిగాను, పదిహేడుతో ఏమవుతుంది సారూ అని. నేను బడిలో అడిగిన ప్రశ్న అదొక్కటే. "రేపు నువ్వే చేసి చూడు" అన్నాడు. ఆ మరుసటి రోజు నాయన వచ్చి నన్ను ధర్మవరం తీసుకొచ్చి మగ్గం గుంట దగ్గర కూర్చోబెట్టాడు. అరవై ఏళ్లయింది. ఇంకా చేయలేదు. తీరిక లేక కాదు. చక్రం విరుగుతుందని నాకు తెలుసు. విరగడం చూడటం ఇష్టం లేదు.

జైతున్ రేపటికి సంచి సర్దింది. విప్పి మళ్లీ సర్దింది. ప్రయాణమంటే ఆమెకు ఎప్పుడూ హడావుడే.

17-7-25, గురువారం

రైల్లో పోయాం. పెనుకొండలో ఆస్మా ఎక్కింది. ఆ బెంచీ వైపు నేను చూడలేదు. ఆస్మా వాళ్లమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మొదట నన్ను కూర్చోబెట్టింది. ఏ సంవత్సరం, ఏ నెల, ఏ వారం. చెప్పాను. నిమ్మకాయ, తాళం, పావురం, ఈ మూడూ గుర్తుపెట్టుకో తాతా అంది. వందలో నుంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంది. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై అయిదు. చాలు తాతా అంది. నేను రెండు దాకా పోయి ఆగాను. గడియారం గీయమంది. గీశాను. ఆ మూడు మాటలేమిటి అంది. నిమ్మకాయ, తాళం, పావురం.

"మీకేం లేదు తాతా. ఒకటీ అరా మరిచిపోవడం ఈ వయసులో అందరికీ ఉంటాది. ఇట్ల జరిగి అవ్వను కూచోనీండి."

"ఆమె తోడుకు వచ్చింది" అన్నాను.

ఆస్మా నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపింది.

"నాకేమి తల్లీ, నేను బాగుండా" అంది జైతున్, కుర్చీలో సర్దుకుంటూ. "ఈ మనిషినే చూడు. మాట్లాడడు, తినడు, పొద్దన్నే లెక్కలు."

"ఇది ఏ నెల అవ్వా?"

"మీకు క్యాలెండర్ లేదా?" డాక్టరమ్మ నవ్వింది. జైతున్ కూడా నవ్వింది. నెల చెప్పలేదు.

"నేను మూడు మాటలు చెప్పినా గదా."

"అవి ఆయప్ప చెప్పేసినాడు గదా, ఇంగ నేనెందుకు?"

"మీరూ చెప్పండి."

జైతున్ నా వైపు చూసింది. మగ్గం దగ్గర పోగు కనబడనప్పుడు నా వైపు అట్లాగే చూస్తుంది. నా పెదవులు నిమ్మకాయ అనబోయాయి. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అంకెలు వస్తాయా అవ్వా?"

"అయిదు వేల పోగులు లెక్కపెట్టినదాన్ని, అంకెలు రావా?"

గుండ్రం గీసి ఇచ్చింది, గడియారం మాదిరి అంకెలు వేయమని. జైతున్ పెన్ను గట్టిగా పట్టుకుని వేసింది. ఒకటి, రెండు, మూడు. అన్నీ కుడి పక్కనే, ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటూ, పన్నెండు దాకా. ఎడమ సగం తెల్లగా ఉంది. ఒక్క అంకె లేదు.

ఎడమ వైపు.

కాగితం నా చేతికి ఇచ్చి, "బాగుండాదా?" అంది.

"బాగుండాది" అన్నాను.

తర్వాత తలకు స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ నన్ను, ఆస్మాను పక్కకు పిలిచింది. జైతున్‌కు జబ్బు మొదలై ఏడాది దాటిందట. మందులతో నిదానం చేయవచ్చు, వెనక్కి తిప్పలేమట. "ఇంట్లో ఉండేది మీరే గదా తాతా, ఏమీ గమనించలేదా?" అంది.

"లేదు" అన్నాను.

ఉప్పు, మలీదా, టీ, స్టేషన్ రోడ్డు, ఎడమ వైపు పోగులు. అన్నీ ఈ డైరీలోనే ఉన్నాయి. రాసింది నేనే.

ఆస్మాకు తెలుసు. వాళ్లమ్మ ఒకే పొద్దున నాలుగుసార్లు ఫోన్ చేసి ఒకే మాట చెప్పేదట. "నువ్వు ఫోన్ చేసి నాకు మతి పోతాండాదంటే ఏం చెప్పాల నాయనా నీకు" అని హాస్పిటల్ మెట్ల మీద ఏడ్చింది. పెనుకొండలో దిగిపోయింది.

రైలు కదిలాక డైరీ తీశాను. జైతున్ కిటికీ ఊచలకు తల ఆనించి కునుకు తీస్తోంది. ఇంక భయపడటానికి ఏముంది అనుకుని పదిహేడుతో మొదలుపెట్టాను. ఏడు పదిహేళ్లు నూట పంతొమ్మిది. తొమ్మిది వేసి పదకొండు చేతిలో ఉంచుకున్నాను. నాలుగు పదిహేళ్లు అరవై ఎనిమిది, పదకొండు కలిపితే డెబ్బై తొమ్మిది. మళ్లీ తొమ్మిది. ఆరు పదిహేళ్లు నూట రెండు, ఏడు, నూట తొమ్మిది. మళ్లీ తొమ్మిది.

9999999999999999

వరస లేదు. మొదలు లేదు, చివర లేదు. ఎక్కడ వేలు పెట్టినా ఒకటే. చక్రం విరిగి ఉంటే ముక్కలైనా కనబడేవి. ఇందులో ఏ అంకె ఎవరిదో తెలియదు. మొహాలన్నీ ఒకటే అయినట్టు.

అన్న నన్ను చూసినప్పుడు ఆయనకు ఇట్లాగే కనబడి ఉంటాను. రేపో మాపో ఆమెకు నేను.

డైరీ మూసేశాను. ధర్మవరం వచ్చేదాకా ఆమె చీర కొంగు కొస నా వేళ్లకు చుట్టుకుని కూర్చున్నాను.

18-7-25

రాయకూడదనుకున్నాను. అలవాటుకు చెయ్యి పోయింది.

పద్దెనిమిదితో చేస్తే 10588235294117646 వచ్చింది. పదిహేడు అంకెలు. తప్పు చేశానని మళ్లీ చేశాను. అదే వచ్చింది.

చూస్తూ ఉంటే తెలిసింది. ముందు ఒక ఒకటి ఎక్కువుంది. వెనక ఏడు ఉండాల్సిన చోట ఆరు ఉంది. ముందు మిగిలిన ఒకటిని తీసి వెనక కలిపాను.

0588235294117647.

సారు బోర్డు మీద రాసిందే. మొదటి నుంచి.

పంతొమ్మిదితో కూడా చేశాను, తేదీ రాకముందే. అందులోనూ ముందు ఒకటి మిగిలింది. వెనక కలిపితే చక్రం దొరికింది. పదిహేడు తర్వాత చక్రం లేదనుకుని అరవై ఏళ్లు భయపడ్డాను. ఉంది. కాకపోతే ఇంక తనంతట తాను రాదు. ప్రతిసారీ ఎవరో ఒకరు మిగిలినదాన్ని తీసి తక్కువైన చోట కలపాలి.

భయం పోలేదు. ఇప్పుడు దేని గురించి భయపడాలో తెలిసింది, అంతే.

జైతున్ అడిగింది, "హిందూపురంలో డాక్టరమ్మ నీకేమని చెప్పిందయ్యా?"

"మందులు ఇచ్చింది. ఇద్దరూ వేసుకోవాలంట."

"నాకెందుకు?"

"నాకు తోడు."

"సరేలే. నువ్వు ఒక్కడివే వేసుకోలేవు" అంది. నావి బలం మాత్రలు. ఆమెవి ఆమెవి. రెండూ ఒకే డబ్బాలో పెట్టాను.

23-7-25

గంగాధర పనికి పిలిచాడు. నేను ముందే పోయి అతనికొక్కడికే చెప్పాను.

"మరి ఎట్ల మామా? ఇంకెవరినన్నా జత చూడనా?"

"వద్దు. ఆమే కూర్చుంటాది. ఎడమ వైపే కూర్చుంటాది."

"పోగులు..."

"మిగలవు" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడి ఉండను. రేపు పొద్దున రమ్మన్నాడు.

24-7-25, గురువారం

ఆకుపచ్చ అచ్చు. దీపం ఆమె వైపు జరిపాను. జైతున్ వేళ్లకు బూడిద అద్దుకుని కూర్చుంది. ఆమె వేళ్లు ఇంకా మరిచిపోలేదు. మెలిపెట్టడం నాకన్నా బాగా మెలిపెడుతుంది. ఏ పోగు తర్వాత ఏ పోగో, అదే జారిపోతోంది. ఒకటి వదిలేస్తుంది, లేదా అతికినదాన్నే విప్పి మళ్లీ అతుకుతుంది.

నేను నా అంచు నుంచి వచ్చాను. కొంచెం తొందరగా వచ్చాను. మధ్యకు చేరాను. నలభై ఒక్క ఏళ్లు అక్కడ ఆగాను. అక్కడ ఆగి, ఆమె వచ్చేదాకా బీడీ తాగడం నా అలవాటు.

ఈరోజు ఆగలేదు. మధ్య దాటి ఆమె వైపు పోగుల్లోకి వచ్చాను.

కాసేపటికి నా చేతులు చూసింది. "ఏమయ్యా, మధ్య దాటినావు. నా పోగులు నాకు ఇడువు" అంది.

"చెయ్యి ఆగలా."

"దొంగముండాకొడుకు. నా కూలి గూడా నువ్వే తీసుకుందామనా?"

పక్క మగ్గం మీద గంగాధర మనిషి ఫక్కున నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె వదిలేసిన పోగు ఒకటి నా బొటనవేలి కింద ఉంది. నవ్వుతూనే దాన్ని దాని జతకు మెలిపెట్టాను. ఆమె చూడలేదు.

ఎదురెదురుగా వచ్చి వచ్చి, చివరికి ఆమె ఎడమ అంచుకు జానెడు దూరంలో మా వేళ్లు కలిశాయి. ఆమె వేళ్లు బూడిదతో చల్లగా ఉన్నాయి. చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"ఏమన్నా మిగిలిందా?" అంది.

వంగి చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను.

"లేదు."

ఆమె వైపు నేనెన్ని అతికానో తెలుసు. ఆ అంకె ఇక్కడ రాయను.